మెడ వంచినంత మాత్రాన

రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ళ మీద నడుస్తుందని మన సామెత. దీన్ని నమ్ముకుని ఎన్ని గుర్రాల నోళ్ళు చీరుకుపోయాయో ఎవరూ లెక్క రాసిపెట్టలేదు. మన భాషలోనే ఇంకో సామెత కూడా ఉంది: రౌతు కొద్దీ గుర్రం. మొదటిదాన్ని పట్టుకుని వేలాడేవాళ్ళు ఈ రెండోదాన్ని పొరపాటున కూడా నోటికి రానివ్వరు. వస్తే తమ చేతుల సంగతి బయటపడుతుంది మరి.

నేనుండేది వెర్రిబీలో. మెల్‌బోర్న్ నుంచి జీలాంగ్ వెళ్ళే దారిలో, నగరానికి నైరుతిగా ముప్పై కిలోమీటర్ల చిల్లర దూరం. 1870లలో చిర్న్‌సైడ్ సోదరులు గొర్రెల ఉన్ని మీద గడించిన డబ్బుతో కట్టించిన అరవై గదుల మేడ మా ఊరి గొప్ప. ఆ తోటల పక్కనే వెర్రిబీ పార్క్ నేషనల్ ఈక్వెస్ట్రియన్ సెంటర్. గుర్రం నడకల పోటీ అయిన డ్రెసాజ్ కోసం దేశం నలుమూలల నుంచీ గుర్రాలు ట్రక్కులెక్కి ఇక్కడికి వస్తాయి. పోటీ రోజున జనమంతా అరవై మీటర్ల పొడవు, ఇరవై మీటర్ల వెడల్పు ఉండే తెల్ల కంచె బరి చుట్టూ చేరతారు. నేను పోటీకి ముందు గుర్రాలను సిద్ధం చేసే వార్మప్ బరి దగ్గర నిలబడతాను. పెళ్ళికూతురిని చూడాలంటే పందిట్లో చూడొచ్చు, గుర్రం చదువు చూడాలంటే మాత్రం ఇక్కడే చూడాలి.

ఇక్కడ కనిపించేది ఏమిటంటే: గడ్డం రొమ్ముకు తగిలేలా ముడుచుకున్న మెడ. ఆగకుండా కొట్టుకునే తోక. వెనక్కి ఈడ్చుకుంటూ పోయే వెనక కాళ్ళు. పైన కూర్చున్నవారి ముంజేతుల్లో తాళ్ళలా తేలిన నరాలు. కంచె అవతల ఎవరో ఒకరు ఫోన్ ఎత్తి పట్టుకుని, ఎంత అందంగా మెడ వంచిందో చూడండి అంటారు. కొత్తవాళ్ళు అనుకోవడంలో తప్పు లేదు. తెలిసినవాళ్ళు విని కూడా ఊరుకుంటారు చూడండి, నా మంట వాళ్ళ మీద.

వాళ్ళు చెప్పని మాట నేను చెబుతాను. అక్కడ జరిగేది కలెక్షన్ కాదు. చేతిబలంతో గుర్రాన్ని ముందు నుంచి కుదించి, చదువైపోయిందని చెప్పి పదిమందికి అమ్మే మోసం. దీన్ని నేర్పుతున్న కోచ్‌లు, దీనికి మార్కులు వేస్తున్న న్యాయనిర్ణేతలు, డబ్బు కట్టి మరీ నేర్పిస్తున్న తల్లిదండ్రులు, ముగ్గురూ భాగస్వాములే.

అసలు కలెక్షన్ అంటే ఏమిటో ముందు చెప్పుకోవాలి. అది తెలియకపోవడం మీదే ఈ వ్యాపారమంతా నడుస్తోంది.

ఊరికే నిలబడ్డ గుర్రం ఒంటి బరువులో అరవై శాతం దాకా ముంగాళ్ళ మీదే ఉంటుంది. అంత పెద్ద తలా మెడా ముందుకు చాచుకుని ఉండే జంతువు, గడ్డి మేయడానికి పుట్టింది. దానికా అమరిక చాలు. మీద మనిషి ఎక్కగానే లెక్క మారుతుంది. మనిషి కూర్చునేది మూపుకు కాస్త వెనకే కాబట్టి ఆ బరువులో కూడా ఎక్కువ పాలు ముందుకే పోతుంది. ఏళ్ళ తరబడి అలాగే నడిపిస్తే ముంగాళ్ళ కీళ్ళు, నరాలు అరిగిపోతాయి. డ్రెసాజ్ అనే విద్య పుట్టిందే ఈ బరువును సర్దడానికి. వెనక కాళ్ళు పొట్ట కిందికి అడుగు వేయాలి. తుంటి కీలు, మన మోకాలికి సాటి అయిన కీలు, కింద మడమలా కనిపించే హాక్ కీలు, మూడూ కలిసి మడవాలి. అప్పుడు పిర్ర కొద్దిగా దిగుతుంది. ముందు భాగం లేస్తుంది.

ఎలా లేస్తుంది? గుర్రానికి మనకున్నట్టు మెడ కింద కాలర్ ఎముక లేదు. ముంగాళ్ళను మొండేనికి కలిపే ఎముకల కీలంటూ ఏదీ లేదు. రెండు భుజాల పలకల మధ్య రొమ్ము గూడు కండరాల పట్టీల మీద వేలాడుతూ ఉంటుంది. ఆ కండరాలు బలపడి బిగిస్తే గూడు పైకి లేస్తుంది. మూపు ఎత్తవుతుంది. మెడ మూపులోంచి లేచి, చిట్టచివర చెవుల వెనక కీలు దగ్గర వంపు తిరుగుతుంది. శాస్త్రవేత్తలు నేలలో బలాన్ని కొలిచే పలకలు పాతి, ఉత్తమ గుర్రాలను వాటి మీద నడిపించి చూశారు. హిలరీ క్లేటన్ ఆ పనిలో పెద్ద పేరు. వెనక్కి జరిగే బరువు మనం ఊహించినంత ఎక్కువేం కాదనీ, ముంగాళ్ళు కూడా నేలను గట్టిగా తోసి ఒంటిని పైకెత్తుతాయనీ ఆ కొలతలు చెబుతున్నాయి. అంటే ఒళ్ళంతా కూడగట్టుకుంటే తప్ప జరగని పని ఇది. ఇందులో మెడ వంపు ఆఖరున వచ్చేది. వార్మప్ బరిలో మాత్రం దాన్నే మొట్టమొదట లాగి తెస్తున్నారు.

మన పిల్లలు కూచిపూడి నేర్చుకునే చోట ఒకసారి ఆలోచించండి. అరమండిలో కూర్చోబెట్టడానికి గురువు మొదట ఏం చేస్తారు? తొడల బలం పెంచుతారు. నడుము నిలబెట్టిస్తారు. మోకాళ్ళు పక్కలకు తెరిపిస్తారు. నెలలు గడిచాక ఒళ్ళు తనంతట తానే కిందికి కుదురుకుంటుంది, పైభాగం తేలికపడుతుంది, అప్పుడు పళ్ళెం అంచు మీద తరంగం ఆడే రోజు ఎప్పటికో వస్తుంది. ఆ పిల్ల తల పట్టుకుని కిందికి నొక్కి, ఇదిగో అరమండి వచ్చేసిందని ఏ గురువైనా చూపిస్తే మన తల్లులు ఆ గుమ్మం మళ్ళీ తొక్కుతారా? అదే పని గుర్రానికి చేసే మనిషికి మాత్రం గంట లెక్కన డాలర్లు ఇస్తున్నారు.

మోసం ఎలా జరుగుతుందో కూడా చెప్పాలి, ఎందుకంటే చూడటానికి అదంతా మామూలు సరంజామాలానే ఉంటుంది. డ్రా రెయిన్ అనేదొకటి. పొట్ట కిందనో పక్కనో జీను పట్టీకి కట్టి, కళ్ళెపు కడియంలోంచి దూర్చి, రౌతు చేతికి తెచ్చుకునే పగ్గం. కప్పీ తాడు సూత్రమే. లాగిన బలం దాదాపు రెట్టింపై గుర్రం నోటికి చేరుతుంది. ఎంత గట్టి మెడైనా దిగకుండా ఎలా ఉంటుంది? దిగుతుంది. కానీ చెవుల వెనక వంగాల్సింది మెడ మధ్యలో విరుగుతుంది. ఎత్తుగా ఉండాల్సిన నడినెత్తి కిందికి పోయి, దాని వెనక రెండు మూడు వెన్నుపూసల చోటు పైకి తేలుతుంది. వీపు గట్టిపడుతుంది లేదా కుంగుతుంది. వీపు పనిచేయకపోతే వెనక కాలు పొట్ట కిందికి రాలేదు. అంటే కలెక్షన్ తేవడానికని వాడిన తాడే కలెక్షన్ రాకుండా ముందరికాళ్ళకు బంధం వేస్తోంది. ఇంకా ఘోరమేమిటంటే ముక్కు నిలువు గీత దాటి రొమ్ము వైపుకు పోయిన గుర్రానికి గాలి ఆడే దారి ఇరుకవుతుంది, తను అడుగు వేసే నేల ఎదురుగా కనిపించదు.

నోరు తెరిచి మొత్తుకోదా అంటారా? తెరవనివ్వరు. మూతి చుట్టూ నోస్‌బ్యాండ్ అనే పట్టీ ఉంటుంది. ముక్కు ఎముకకూ దానికీ మధ్య రెండు వేళ్ళు దూరాలని తరాలుగా నేర్పుతూ వచ్చిన నియమం. ఓర్లా డోహర్టీ, సిడ్నీ విశ్వవిద్యాలయపు పాల్ మెక్‌గ్రీవీ, మరి ఇద్దరు కలిసి పోటీల్లో 750 గుర్రాలను కొలిచి 2017లో లెక్కలు ప్రచురించారు. రెండు వేళ్ళ సందు ఉన్నవి ఏడు శాతం. వేలి గోరు కూడా దూరనంత బిగించినవి నలభై నాలుగు శాతం. గుర్రం నోరు మూసుకుని ఒద్దికగా ఉందని న్యాయనిర్ణేత రాసుకునే మార్కుల వెనక ఆ నలభై నాలుగు శాతం ఉంది. అంతర్జాతీయ సమాఖ్య ఎఫ్ఈఐ ఆ సందును కొలిచే పరికరాన్ని తన పోటీల్లో తెచ్చింది 2025లో. మూతి కట్టేయడం తప్పని ఒప్పుకోవడానికి కూడా కొలబద్ద కావాల్సి వచ్చింది పాపం.

సరైన దారి ఉందా అంటే ఉంది. దాంట్లో రహస్యమేమీ లేదు. పొడుగ్గా ఉంటుంది, అంతే. ఆ పొడుగే చాలామందికి గిట్టదు.

నాలుగేళ్ళ గుర్రాన్ని తీసుకుంటే మొదట దాని నడక లయ చెడకుండా కాపాడాలి. వాక్, ట్రాట్, కాంటర్, మూడు నడకల్లోనూ. మెడ చాచుకోనివ్వాలి. వీపు వదులవ్వాలి. రౌతు బరువును మోస్తూ కూడా అది తనలాగా నడవగలగాలి. జర్మన్లు ఈ మెట్ల వరసను లయ, సడలింపు, కళ్ళెంతో పొత్తు, ఉత్సాహం, తిన్నదనం అని పెట్టి, కలెక్షన్‌ను చిట్టచివర ఆరో మెట్టుగా రాసుకున్నారు. వాళ్ళ అశ్వికదళం 1912లో అచ్చేసిన శిక్షణ పుస్తకం నుంచి ఇప్పటి బడుల దాకా ఆ పరంపర కొనసాగుతోంది. చివరి మెట్టు మీద కాలు పెట్టి మెట్లెక్కుతామనేవాళ్ళకు కళ్ళు లేవనుకోవాలా, సిగ్గు లేదనుకోవాలా?

తరవాత తిన్నదనం. మనలో కుడిచేతి వాటం ఎడమచేతి వాటం ఉన్నట్టే ప్రతి గుర్రానికీ ఓ పక్క వంకర ఉంటుంది. ఒక వెనక కాలు బరువు మోస్తుంది, రెండోది పక్కకు తప్పించుకుంటుంది. ఇక్కడే షోల్డర్-ఇన్ అవసరం. గోడ వెంట నడుస్తూ గుర్రం ముందు భుజాలను ముప్పై డిగ్రీల మేర లోపలికి తీసుకొస్తే, లోపలి వెనక కాలు బయటి ముంగాలి జాడలో పడుతుంది. తప్పించుకునే దారి ఉండదు; అది పొట్ట కిందికి వచ్చి, కీళ్ళు మడిచి, బరువు మోయాలి. అలా కుడికి కొన్ని అడుగులు, ఎడమకు కొన్ని అడుగులు. అలిసిపోకముందే వదిలేసి, పగ్గాలు పొడిగించి, మెడ చాచుకోనివ్వాలి. 18వ శతాబ్దపు ఫ్రెంచి గురువు లా గెరినియేర్ ఈ ఒక్క సాధనను నిలబెట్టి 1733 నాటి తన గ్రంథంలో పెట్టిపోయాడు. మూడు వందల ఏళ్ళు కావస్తోంది. ఇంతకంటే మంచి వ్యాయామం ఇంకెవరూ కనిపెట్టలేదు. డ్రా రెయిన్ అమ్మేవాడు మాత్రం ప్రతి ఏడూ కొత్త రంగులో అమ్ముతున్నాడు.

దాని మీద ట్రావర్, హాఫ్-పాస్ అనే పక్కనడకలు. దాని మీద మార్పులు: ట్రాట్ నుంచి వాక్, వాక్ నుంచి కాంటర్, కాంటర్‌లో నాలుగడుగులు కుదించి నాలుగడుగులు వదలడం. వీటన్నిటికీ దారం హాఫ్-హాల్ట్. నేర్పేవాళ్ళలో సగం మంది దీన్ని చెయ్యి వెనక్కి లాగడంగా నేర్పుతారు. నడుము నిలిపి, కాళ్ళతో ముందుకు అడిగి, వేళ్ళు ఒక్క క్షణం మూసి, మూసిన వెంటనే తెరవాలి. తెరవడంలోనే పాఠం ఉంది. ఒత్తిడి తీసేసిన క్షణమే గుర్రానికి, ఇదీ నేను చేయాల్సింది అన్న జవాబు. విక్టోరియా రాష్ట్రంలోనే ఆండ్రూ మెక్‌లీన్ వంటివాళ్ళు ఈ సంగతిని ఏళ్ళుగా చెబుతున్నారు. గుర్రపు స్వారీని శాస్త్రంగా పరిశీలించే తొలి అంతర్జాతీయ సదస్సు 2005లో జరిగింది మన మెల్‌బోర్న్‌లోనే. ఇంత దగ్గర్లో ఉన్న తెలివి వార్మప్ బరి కంచె దాటలేకపోయింది.

ఇవన్నీ కుదిరాక, ఎప్పుడో ఒక రోజు, ట్రాట్‌ను కుదించుకుంటూ పోతే అడుగులు చిన్నవై, ఎత్తై, దాదాపు నిలబడ్డ చోటే పడతాయి. వాటిని హాఫ్-స్టెప్స్ అంటారు. రెండు మూడు రాగానే మెచ్చుకుని వదిలెయ్యాలి. అవి పండితే పియాఫ్. ఉన్నచోటే ఐమూల కాళ్ళ జంటలు లయగా లేచి పడే నడక. అన్నిటికంటే పై తరగతి అయిన గ్రాండ్ ప్రీ పరీక్షలో పన్నెండు నుంచి పదిహేను అడుగులు అడుగుతారు. దాని అన్న పాసాజ్: ముందుకు పోతూనే గాల్లో ఒక్క క్షణం నిలిచినట్టుండే ట్రాట్. వియన్నాలోని స్పానిష్ రైడింగ్ స్కూల్ పేరు 1572 నాటి పత్రాల్లోనే ఉంది. అక్కడ లిపిజానర్ మగగుర్రాలను నాలుగేళ్ళ వయసులో మొదలుపెట్టి, ఈ పై చదువు చేరేసరికి ఆరేళ్ళ పైన పట్టిస్తారు. ఎఫ్ఈఐ నియమం కూడా గ్రాండ్ ప్రీలో నడిచే గుర్రానికి కనీసం ఎనిమిదేళ్ళు నిండాలంటుంది. అదే ఎఫ్ఈఐ ఐదు, ఆరు, ఏడేళ్ళ గుర్రాలకు ప్రపంచ పోటీలు కూడా పెడుతుంది. గుర్రం వెన్నుపూసల ఎదుగుదల ఐదారేళ్ళ దాకా పూర్తికాదని తెలిసి కూడా పెడుతుంది. ఒక చేత్తో వయసు కట్టడి, రెండో చేత్తో తొందరకు బహుమతి. దీన్ని నియమం అనాలా, బేరం అనాలా?

ఇక్కడ కొందరు గురువుల పేర్లు తీసి నా నోరు మూయించాలని చూస్తారు. శాస్త్రీయ విద్యలో కూడా గట్టిచేయి ఉందంటారు. ఉంది, దాచడమెందుకు? నేపుల్స్‌లో గ్రిసోనే 1550లో వేసిన పుస్తకం చదివితే కడుపులో దేవుతుంది. మొండికేసిన గుర్రానికి అందులో చెప్పిన శిక్షలు ఇక్కడ రాయడం కూడా నాకు ఇష్టం లేదు. ఇప్పుడు మనం తిట్టుకుంటున్న డ్రా రెయిన్‌కు ఆదిపురుషుడిగా చెప్పేది 17వ శతాబ్దపు ఇంగ్లిష్ జమీందారు, న్యూకాసిల్ డ్యూక్. అంతమాత్రాన పాతదంతా మంచిదనో, పాతదంతా చెడ్డదనో నేననను. పదమూడో లూయీకి స్వారీ నేర్పిన ప్లువినెల్ గ్రిసోనే తరవాతే వచ్చాడు. గుర్రం మనసు తెలుసుకుని, మెచ్చుకోలుతో పని చేయించుకోమన్నాడు. వాళ్ళు ఒకరి తప్పును మరొకరు చూసి దిద్దుకుంటూ వచ్చారు. 19వ శతాబ్దంలో జర్మన్ గురువు స్టైన్‌బ్రెష్ట్ ముందుకు నడపడం, తిన్నగా నడపడం ఈ రెండే మూలమని తేల్చేశాడు. ఆ దిద్దుబాటు పుస్తకాల్లో నాలుగు వందల ఏళ్ళుగా సాగితే, మనం తిరిగి నేపుల్స్ బరిలోకి దిగడం ఏ లెక్కన ప్రగతి?

పోర్చుగల్ గురువు నూనో ఒలివేరా సంగతి ఆస్ట్రేలియాలో ప్రత్యేకంగా చెప్పుకోవాలి. వేళ్ళ కదలికతో, దాదాపు వదులు పగ్గాలతో పియాఫ్ చేయించినవాడు. ఈ దేశానికి వచ్చి పాఠాలు చెప్పాడు. 1989 ఫిబ్రవరిలో పెర్త్‌లోనే కన్నుమూశాడు. ఆయన శిష్యులు, శిష్యుల శిష్యులు ఇంకా ఈ దేశంలో ఉన్నారు. వాళ్ళ దగ్గర పిల్లలు తక్కువ. ఎందుకంటే వాళ్ళు ఆరు వారాల్లో ఏమీ ఇవ్వరు.

న్యాయనిర్ణేతల విషయానికి వస్తే, నియమ పుస్తకం ఎంత చక్కగా ఉందో చదివితే ఏడుపొస్తుంది. నడినెత్తి మెడలో అన్నిటికంటే ఎత్తున ఉండాలి, ముక్కు నిలువు గీతకు కొంచెం ముందు ఉండాలి అని స్పష్టంగా ఉంది. మార్కుల కాగితం వేరే మాట చెబుతుంది. ముంగాళ్ళు ఎంత పైకి విసిరితే జనం అంత చప్పట్లు కొడతారు. ముంగాలి విసురుకు వెనక కాలు తోడు రావడం లేదని వేలు పెట్టి చూపించినవాళ్ళను అసూయపరులన్నారు. 2009లో డెన్మార్క్‌లోని ఒడెన్సెలో ఒక మేటి రౌతు వార్మప్ వీడియోలో గుర్రం నాలుక నీలంగా వేలాడుతూ కనిపించి లోకమంతా గగ్గోలు పెట్టింది. మరుసటి ఏడు ఫిబ్రవరిలో లోజాన్‌లో ఎఫ్ఈఐ పెద్దలు కూర్చుని, బలవంతంగా మెడ వంచే రోల్‌కూర్ నిషిద్ధమన్నారు. అదే నోటితో బలవంతం లేకుండా లోతుగా, గుండ్రంగా వంచుకోవచ్చని దారి వదిలారు. బలవంతం ఎక్కడ మొదలవుతుందో ఎవరు చూడాలి? వార్మప్ బరి స్టూవర్డ్ చూడాలి. ఆ స్టూవర్డ్‌కు ఒలింపిక్ పతకం ఉన్న రౌతును ఆపే ధైర్యం ఎక్కడి నుంచి రావాలి?

2024 జులైలో పారిస్ ఒలింపిక్స్ మొదలవడానికి మూడు రోజుల ముందు షార్లట్ డుజార్డిన్ తప్పుకుంది. లండన్ ఒలింపిక్స్‌లో వాలెగ్రో అనే గుర్రంతో బంగారం గెలిచిన మనిషి. శిష్యురాలు స్వారీ చేస్తుండగా నేల మీద నిలబడి గుర్రం కాళ్ళ మీద పదేపదే కొరడాతో కొట్టిన పాత వీడియో బయటికొచ్చింది. ఎఫ్ఈఐ ఏడాది పాటు నిషేధించింది. అందరూ ఆమె పేరు పట్టుకుని తిట్టారు. నేనామెను వెనకేసుకురావడం లేదు. కానీ ఒక్క మనిషిని ఊరి బయటికి పంపి చేతులు దులుపుకోవడం ఈ వ్యాపారానికి ఎంత సౌకర్యమో గమనించండి. ఆ కొరడా దెబ్బలు దేనికోసం పడ్డాయి? కాళ్ళు ఇంకా ఎత్తడం కోసం. ఎత్తిన కాలికి మార్కులు వేసేవాళ్ళ పేర్లు ఏ వార్తలోనూ రాలేదు.

ఇక మా ఊరికి వద్దాం. వెర్రిబీది విచిత్రమైన ఊరు. మెల్‌బోర్న్ కప్ కోసం విదేశాల నుంచి వచ్చే పందెం గుర్రాలకు క్వారంటైన్ వెర్రిబీ రేస్‌కోర్సులోనే.  పందెం నుంచి విరమించిన థారోబ్రెడ్లు చవకగా దొరుకుతాయి. మా చుట్టుపక్కల స్టేబుళ్ళలో చాలావాటికి ఆ పాత జన్మ ఉంది. ఆ గుర్రానికి నేర్పిన చదువు ముందుకు ఒరిగి, కళ్ళెం మీద బలంగా ఆనుకుని పరుగెత్తడం. లాగితే ఇంకా వేగంగా పోతుంది. దాన్ని కొని తెచ్చి, మొదటి వారమే డ్రా రెయిన్ బిగించి ఫ్రేమ్‌లో పెడతాం అంటారు. ఫ్రేమ్ అట! ఇంట్లో పటాలకు పెట్టండి ఫ్రేములు. ఆ గుర్రానికి కావాల్సింది నెలల తరబడి నెమ్మది నడక, వీపు వదులు చేసుకునే తీరిక, ఒక వెనక కాలు ఎలా మోయాలో తెలిసే అవకాశం. అలా ఓపిక పట్టినవాళ్ళ దగ్గర వాటిలో కొన్ని ఎంత చక్కగా ఒళ్ళు కూడగట్టుకుంటాయో నేను చూశాను. ఆ ఓపిక ప్రకటనల్లో అమ్ముడుపోదు. ఆరేళ్ళు, పియాఫ్ మొదలుపెట్టాం, ఎవరైనా ఎక్కొచ్చు, అని రాస్తే అమ్ముడుపోతుంది.

మన తెలుగువాళ్ళ మాట కూడా అనకపోతే నేను నిజాయితీపరుణ్ణి కాను. వెర్రిబీ, టార్నీట్, ట్రుగనీనా, పాయింట్ కుక్ చుట్టూ తెలుగు కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. 2023 సెప్టెంబరులో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో భారత డ్రెసాజ్ జట్టు బంగారం తెచ్చింది, నలభై ఒక్క ఏళ్ళ తరవాత గుర్రపు స్వారీలో దేశానికొచ్చిన స్వర్ణం. అనుష్ అగర్వాలా వ్యక్తిగత కాంస్యం కూడా తెచ్చి, మరుసటి ఏడు పారిస్ ఒలింపిక్స్‌లో డ్రెసాజ్ బరిలో దిగిన తొలి భారతీయుడయ్యాడు. వాట్సాప్ గ్రూపులు హోరెత్తాయి. మంచిదే. ఆ తరవాత స్వారీ పాఠాలకు వచ్చే మన పిల్లలూ పెరిగారు. అదీ మంచిదే. అయితే ఆ రౌతులు చిన్న వయసులోనే యూరప్ వెళ్ళి ఏళ్ళకేళ్ళు అక్కడే ఉండి నేర్చుకున్న సంగతి ఫార్వర్డ్ మెసేజ్‌లో ఇమడలేదు.

ఒకాయన నన్ను కంచె దగ్గర పట్టుకుని అడిగాడు: "అన్నా, మా పాప గుర్రం ఇంకా డ్యాన్స్ చేయడం లేదేంటి? కోచ్‌ను మారుద్దామనుకుంటున్నా."

"మీ పాప కూచిపూడి ఎన్నేళ్ళు నేర్చుకుంది తమ్ముడూ?"

"ఎనిమిదేళ్ళు. పోయినేడే రంగప్రవేశం చేశాం."

"మరి గుర్రానికి ఎనిమిది నెలలేనా?"

ఆయన నవ్వి ఊరుకున్నాడు. కోచ్‌ను మార్చాడని తరవాత తెలిసింది. కొత్త కోచ్ దగ్గర గుర్రం మెడ వంచుతోందట.

మన వాళ్ళకు ఈ విషయం కొత్త కాకపోవడమే నాకు మరీ కోపం తెప్పిస్తుంది. మన వైపు గుర్రం నడకలను ఐదు ధారలుగా విడగొట్టి పేర్లు పెట్టుకున్న శాస్త్రం ఉంది. అమరకోశం వల్లెవేసిన తాతలకు అవి నోటికొచ్చు. తెలుగులో మనుమంచి భట్టు అశ్వశాస్త్రం రాశాడు. భారతంలో నలుడు బాహుకుడై రథం తోలిన కథ పిల్లలకు చెబుతాం. అతని దగ్గరున్న విద్యను అశ్వహృదయం అన్నారు. కొరడా బలమని ఎవరూ అనలేదు. ఆ రథమెక్కిన రాజు ఋతుపర్ణుడు ఆ విద్య కోసం తన పాచికల విద్యనే ఇచ్చాడు. అంత విలువైన బేరం చెప్పుకున్న జాతి, ఇక్కడికొచ్చి మూతిపట్టీ బిగింపుకు డబ్బు కడుతోంది.

నాకు ఇంకో పక్క నుంచి కూడా తిట్లు పడతాయి. గుర్రం ఎక్కడమే హింస, ఈ ఆటనే మాన్పించండి అనే వాళ్ళ నుంచి. వాళ్ళ బాధ నాకు అర్థమవుతుంది, కానీ ఒప్పుకోను. సరిగా చేసిన షోల్డర్-ఇన్ గుర్రపు ఒంటికి మేలు చేస్తుంది. బలమైన వీపు, సమంగా మోసే వెనక కాళ్ళు ఉన్న గుర్రం ఇరవై ఏళ్ళు దాటినా కుంటకుండా నడుస్తుంది. నిషేధం అడగడం సులువు. నేర్పే పద్ధతి మార్చమనడం కష్టం. మాన్పించేస్తే ఈ గుర్రాలను ఎవరు మేపుతారన్న ప్రశ్నకు వాళ్ళ దగ్గర జవాబు లేదు.

ఇంకొంతమంది అంటారు, తొలినాళ్ళలోనే నేల మీద నిలబడి రెండు మూడు హాఫ్-స్టెప్స్ అడిగే మంచి గురువులు లేరా అని. ఉన్నారు. కొరడా కొసతో తాకి, ఒక అడుగు రాగానే వదిలి, చక్కెర ముక్క పెట్టే చేతులు నేనూ చూశాను. తేడా వయసులోనో సాధన వరసలోనో లేదు, వదలడంలో ఉంది. ఆ తేడాను పరీక్షించడానికి ఓ పాత పద్ధతి కూడా ఉంది. నడుస్తుండగా రౌతు రెండు చేతులూ మెడ వెంట ముందుకు జరిపి, పగ్గాలు వదులు చేసి, కొన్ని అడుగుల తరవాత తిరిగి తీసుకోవడం. గుర్రం నిజంగా తనను తాను మోస్తుంటే ఏమీ మారదు. చేతుల మీద వేలాడుతుంటే ముందుకు పడిపోతుంది, పరుగెడుతుంది, తల విసురుతుంది. కింది తరగతుల పరీక్షల్లో దీన్ని పిల్లల చేత చేయిస్తారు. గ్రాండ్ ప్రీకి వచ్చేసరికి ఆ ఊసే లేదు. ఎందుకు లేదో ఆలోచించే పని మీకే వదిలేస్తున్నాను, కష్టమేమీ కాదు.

కాబట్టి వెర్రిబీలో పోటీలు నడిపేవాళ్ళకు నేను అడిగేది ఇంతే. వార్మప్ బరి మీద కెమెరా పెట్టండి, దాని బొమ్మను జనం కూర్చునే చోట పెద్ద తెర మీద వేయండి. మూతిపట్టీ సందును ప్రతి తరగతిలో, ప్రతి గుర్రానికీ, అందరి ఎదుటా కొలవండి. పైతరగతుల్లో పియాఫ్ అయిపోగానే పాసాజ్‌లో నాలుగడుగులు రెండు పగ్గాలూ వదలమని అడగండి, దానికి పియాఫ్‌తో సమానంగా మార్కులు పెట్టండి. వదిలితే పడిపోయే గుర్రానికి సున్నా వేయండి. ఫలితాల పట్టికలో ఆ సున్నా పక్కన, రౌతు పేరు కింద, కోచ్ పేరు కూడా అచ్చేయండి.